గ్లూటెన్ పడని పిల్లలతో ఫాస్ట్ ఫుడ్ రెస్టారెంట్‌కు: బయల్దేరే ముందు నుంచి ఇంటికొచ్చాక వరకు

సీలియాక్ జబ్బు (గోధుమ లాంటి ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ పడని జబ్బు) ఉన్న పిల్లలకు బయట తిండి కొనాల్సి వస్తే మన కళ్లు ముందు మెనూ మీదికే పోతాయి. బర్గర్‌లో బన్ను తీసేస్తే మిగిలేది మాంసం, ఫ్రైస్‌లో ఉన్నది బంగాళాదుంప, ఇక భయమేముంది అనిపిస్తుంది. అసలు సంగతంతా కౌంటర్ వెనక జరుగుతుంది. ఆ ఫ్రైస్ ఏ నూనెలో వేగాయి? మాంసాన్ని ఏ గరిటెతో తిప్పారు? బన్నులు సర్దిన చేత్తోనే మన డబ్బా కూడా సర్దారా? బిడ్డ ఆ రాత్రి హాయిగా నిద్రపోతుందా, కడుపు పట్టుకుని ఏడుస్తుందా అన్నది అక్కడే తేలిపోతుంది. అందుకే ఇక్కడ ఏం తినొచ్చు అన్న జాబితా కన్నా, దేనికి ఏది తగిలింది అని ఎలా కనుక్కోవాలో చెప్పడానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ముందు జబ్బు ఏదో తేల్చుకోండి

గ్లూటెన్ పడని పిల్లలందరి సమస్యా ఒకటి కాదు. సీలియాక్ ఉన్నవాళ్లలో గ్లూటెన్ లోపలికి వెళ్లగానే శరీరపు రోగనిరోధక వ్యవస్థ చిన్నపేగు లోపలి పొరను తానే దెబ్బతీస్తుంది. వీళ్లు గోధుమ, బార్లీ, రై (గోధుమ లాంటి ఒక ధాన్యం) మూడూ మానాలి. ఓట్స్ పొలంలోనో మిల్లులోనో గోధుమతో కలిసిపోతుంటాయి కాబట్టి, గ్లూటెన్ ఫ్రీ అని ముద్ర ఉన్నవే, అవి కూడా డాక్టరు సరేనన్నాకే పెట్టాలి.

గోధుమ అలర్జీ దారి వేరు. అక్కడ నిమిషాల్లోనే దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరాడకపోవడం రావచ్చు. వీళ్లకు ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఉంది: కొన్ని గ్లూటెన్ ఫ్రీ బన్నులు, పిజ్జా బేస్‌లు గ్లూటెన్ తీసేసిన గోధుమ స్టార్చ్‌తో చేస్తారు. సీలియాక్ పిల్లలకు అవి సరిపోతాయి. గోధుమ అలర్జీ పిల్లలకు పెట్టకూడదు. కాబట్టి కౌంటర్ దగ్గర ఏ మాట చెప్పాలో మీకు ముందే స్పష్టంగా తెలియాలి.

ఇంకా పరీక్షలు చేయించకుండా అనుమానంతోనే గోధుమ మాన్పించేవాళ్లు ఉంటారు. దయచేసి అలా చేయకండి. గ్లూటెన్ తింటున్నప్పుడే సీలియాక్ ఉందో లేదో రక్తపరీక్షల్లో సరిగ్గా బయటపడుతుంది. ముందే మానేస్తే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది, తర్వాత పరీక్ష కోసమే మళ్లీ కొన్ని వారాలు బిడ్డకు గ్లూటెన్ తినిపించాల్సి వస్తుంది.

ఎంత కొంచెమైనా ఎందుకు పట్టించుకోవాలి

అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లోనూ అమెరికా, యూరోపియన్ యూనియన్ నిబంధనల్లోనూ గ్లూటెన్ ఫ్రీ అనాలంటే కిలో ఆహారంలో 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. 2007లో వెలువడిన ఒక పరిశోధనలో, రోజుకు 50 మిల్లీగ్రాముల చొప్పున మూడు నెలలు తీసుకున్న సీలియాక్ రోగుల పేగు పొర దెబ్బతిన్నట్టు తేలింది. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు ఉంటే చాలామందికి హాని జరగదని నిపుణులు లెక్క వేస్తారు. మామూలు బ్రెడ్ ముక్క ఒకదానిలో సుమారు 2 గ్రాములు, అంటే 2,000 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. ఆ ముక్కను 200 భాగాలు చేస్తే ఒక్క భాగంలోనే ఆ 10 మిల్లీగ్రాములు వచ్చేస్తాయి. "బన్ను తీసేసి తినిపించండి, ఏం కాదు" అని ఎవరైనా అన్నప్పుడు ఈ లెక్క గుర్తుంటే చాలు, మొహమాటం దానంతటదే పోతుంది.

1. ఇంట్లో ఉండగానే అలర్జీ పట్టిక చదవండి

ఒకే పేరుతో చాలా శాఖలున్న పెద్ద గొలుసు రెస్టారెంట్లలో చాలావాటికి వెబ్‌సైట్‌లోనో యాప్‌లోనో అలర్జీ పట్టిక, అంటే ఏ వంటకంలో ఏ అలర్జీ పదార్థం ఉందో చూపేది, ఉంటుంది. దాన్ని చదివేటప్పుడు నాలుగు విషయాలు చూడండి.

మొదటిది, పట్టిక మీ దేశానిదేనా. ఒకే పేరు, ఒకే రంగు డబ్బా ఉన్నా దేశం మారితే తయారీ మారుతుంది. అమెరికా మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్‌లో వేసే రుచి పదార్థంలో గోధుమ నుంచి వచ్చినది ఉంటుంది. బ్రిటన్ మెక్‌డొనాల్డ్స్ ఫ్రైస్ పదార్థాల్లో అది లేదు. ప్రయాణాల్లో "మన దగ్గర తింటాడుగా" అని ధైర్యం చేయకూడదు.

రెండోది, పట్టికలో ఉన్న గడి గోధుమదా, గ్లూటెన్‌దా. అమెరికాలో 2004 నాటి అలర్జీ చట్టం ప్రకారం ప్యాకెట్ ఆహారాల మీద గోధుమ పేరు తప్పనిసరిగా చెప్పాలి. బార్లీ, రై ఆ జాబితాలో లేవు. అందువల్ల గోధుమ గడి ఖాళీగా ఉన్నా లోపల బార్లీ మాల్ట్ (మొలకెత్తించిన బార్లీతో చేసేది) ఉండొచ్చు. యూరోప్‌లో గ్లూటెన్ ఉన్న ధాన్యాలన్నీ చెప్పి తీరాలి.

మూడోది, మాటల తీరు. "గ్లూటెన్ ఫ్రీ" అంటే ఒక హామీ. "గ్లూటెన్ పదార్థాలు కలపలేదు" అంటే తయారీలో వేయలేదని మాత్రమే, తగల్లేదని కాదు. "గ్లూటెన్ ఫ్రెండ్లీ" అనేదానికి చట్టంలో అర్థమే లేదు. నా దృష్టిలో ఆ మాట కనిపిస్తే సీలియాక్ బిడ్డ తల్లిదండ్రులు మరింత జాగ్రత్తగా ఉండాలి.

నాలుగోది తేదీ. కొద్దిరోజుల కోసం పెట్టే కొత్త వంటకాలు, కొత్త సాస్‌లు పాత పట్టికలో ఉండవు. పోయిన నెల తిన్నదే అయినా వెళ్లే ముందు ఒకసారి చూసుకోవాలి.

2. ఫోన్ చేసి వంటగది గురించి అడగండి

పట్టిక కంపెనీ ఆఫీసులో తయారవుతుంది, తిండి మాత్రం మీ పక్క వీధి వంటగదిలో. ఒకే గొలుసులోని రెండు శాఖల్లో ఫ్రయ్యర్లు (నూనెలో వేయించే యంత్రాలు) వేరుగా అమర్చి ఉండొచ్చు. రద్దీ లేని సమయంలో ఫోన్ చేసి మేనేజర్‌ని అడగండి.

"మా పాపకు సీలియాక్ జబ్బు అండీ. కొద్దిగా గోధుమ తగిలినా పడదు. మీ దగ్గర ఫ్రైస్‌కు విడిగా ఫ్రయ్యర్ ఉందా? బన్ను లేకుండా చేసే బర్గర్‌ను వేరే గరిటెతో తీయగలరా? గ్లోవ్స్ మార్చుకుని సర్దుతారా?"

ఇక్కడ జవాబు కన్నా జవాబు చెప్పే తీరు ఎక్కువ చెబుతుంది. "ఒక్క నిమిషం, లోపల కనుక్కుని చెప్తాను" అన్న మనిషిని నమ్మొచ్చు. "అంతా బాగానే ఉంటుంది మేడమ్, వచ్చేయండి" అని ప్రశ్న పూర్తి కాకముందే అనేస్తే అక్కడికి వెళ్లక్కర్లేదు. "మేం హామీ ఇవ్వలేం" అని చెప్పినవాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. వాళ్లు నిజం చెప్పి మీకు మేలు చేశారు.

3. సంచి సర్దండి

ఎంత బాగా అడిగి వెళ్లినా అక్కడ ఏదో ఒకటి కుదరకపోవచ్చు. ఆకలితో ఉన్న బిడ్డ పక్కన ఏడుస్తుంటే పెద్దవాళ్లు "సరే, ఈ ఒక్కసారికి" అనేస్తారు. సంచిలో కడుపు నిండే తిండి ఉంటే ఆ అవసరం రాదు. బిడ్డకు ఇష్టమైనదే పెట్టాలి. మిగిలిన పిల్లలు బర్గర్లు తింటుంటే తనకు ఎండు బిస్కెట్ ఇస్తే ఎవరికైనా మనసు కష్టపడుతుంది.

దాంతోపాటు రేకులో చుట్టిన గ్లూటెన్ ఫ్రీ బన్ను, సీల్ ఉన్న సాస్ ప్యాకెట్లు, తడి వైప్స్, బల్ల మీద పరచడానికి శుభ్రమైన కాగితమో గుడ్డో తీసుకెళ్లండి. బన్నును అక్కడి టోస్టర్‌లో వేడి చేయమని అడగకండి. దాని నిండా మామూలు బన్నుల పొడే ఉంటుంది. బయటి తిండి లోపలికి రానివ్వని చోట్లు కొన్ని ఉంటాయి. జబ్బు సంగతి చెబితే సాధారణంగా ఒప్పుకుంటారు, ఫోన్‌లోనే అడిగేస్తే ఇంకా మంచిది.

4. వేళ చూసుకోండి

తలుపులు తెరిచిన తొలి గంట మంచిది. గ్రిల్ శుభ్రంగా ఉంటుంది, పనివాళ్లకు మన మాట వినే తీరిక ఉంటుంది. మధ్యాహ్నం, రాత్రి భోజనాల రద్దీలో వెళ్లకండి. కారులోంచే తీసుకునే వరుసలో నిలబడి ఇవన్నీ మైకులో చెప్పడం కుదిరే పని కాదు, దిగి లోపలికి వెళ్లాలి.

5. కౌంటర్ దగ్గర

యాప్‌లో ఆర్డర్ పెట్టి "గ్లూటెన్ వద్దు" అని రాస్తే వంటగదిలో ఎవరైనా చదివారో లేదో మనకు తెలియదు. మొదటిసారి మనిషితోనే మాట్లాడండి. ఫోన్‌లో మాట్లాడిన మేనేజర్ ఉంటే వాళ్లనే పిలవమనండి.

చెప్పేటప్పుడు క్లుప్తంగా, వాళ్లు చేయాల్సిన పని తెలిసేలా చెప్పాలి. జబ్బు చరిత్రంతా వాళ్లకు అక్కర్లేదు. "బన్ను వద్దు" అని మాత్రమే అంటే లావు తగ్గడానికేమో అనుకుంటారు. "బిడ్డకు జబ్బు ఉంది, బన్ను తగలకూడదు, తగిలితే వాంతులు అవుతాయి" అంటే ఎందుకో అర్థమవుతుంది. తర్వాత వాళ్లు చేయాల్సిన పనులు చెప్పండి: చేతులు కడుక్కుని కొత్త గ్లోవ్స్, శుభ్రమైన గరిటె, మామూలు డబ్బాలో కాకుండా విడి డబ్బా, పైన ఒక గుర్తు. మనది అయ్యేదాకా కాస్త ఆలస్యమైనా ఫర్వాలేదని చెబితే లోపలివాళ్ల మీద ఒత్తిడి తగ్గుతుంది. శుభ్రంగా చేయాలంటే వాళ్లకు ముఖ్యంగా కావలసింది సమయమే.

6. ఏది అడగాలి, ఏది వదిలేయాలి

*ఫ్రైస్.* పిల్లలు ఎక్కువగా కోరేది ఇదే, తల్లిదండ్రులు తేలిగ్గా ఒప్పుకునేదీ ఇదే. పిండిలో ముంచిన చికెన్ ముక్కలు వేగిన నూనెలోనే ఫ్రైస్ వేగితే, ఆ పిండి రవ్వలు వీటికి అంటుకుంటాయి. నూనె ఎంత మరిగినా గ్లూటెన్ పోదు. వేడికి చచ్చిపోవడానికి అదేమీ సూక్ష్మజీవి కాదు, ప్రోటీన్. 2021లో అమెరికాలో ఒక చిన్న పరిశోధన చేశారు. గోధుమ వంటకాలు కూడా వేసే ఫ్రయ్యర్ల నుంచి 10 రెస్టారెంట్లలో 20 ఫ్రైస్ ఆర్డర్లు తీసుకుని పరీక్షిస్తే 9 ఆర్డర్లలో గ్లూటెన్ కనిపించింది. నాలుగో వంతు ఆర్డర్లు 20 మిల్లీగ్రాముల హద్దు దాటి ఉండొచ్చని తేల్చారు.

అందుకని "విడి ఫ్రయ్యర్ ఉందా" అన్న ఒక్క ప్రశ్నతో ఆగకండి. "రద్దీ ఎక్కువైనప్పుడు అందులో నగ్గెట్స్ వేస్తారా?" అని అడగండి. తర్వాత "నూనె వడకట్టే యంత్రం అన్ని ఫ్రయ్యర్లకూ ఒకటేనా?" అనండి. కొన్ని వంటగదుల్లో ఒకే యంత్రంలో అన్ని ఫ్రయ్యర్ల నూనెనూ వడకట్టి తిరిగి పోస్తారు. ఈ ప్రశ్న వేస్తే మీకు విషయం తెలుసని ఎదుటివాళ్లకు అర్థమవుతుంది, జవాబు కూడా జాగ్రత్తగా వస్తుంది. వేగాక ఉప్పు చల్లే తొట్టి, తీసే గరిట కూడా విడివిడిగానే ఉండాలి. మసాలా పూసిన, లేదా ఎక్కువసేపు కరకరలాడే ఫ్రైస్ అయితే పైన పిండి పూత ఉండే అవకాశం ఉంది, వాటి జోలికి పోవద్దు.

*బర్గర్, గ్రిల్ చికెన్.* మాంసం బిళ్లలో బ్రెడ్ పొడి కలిపారా, చికెన్ నానబెట్టిన మసాలాలో సోయా సాస్ ఉందా అన్నది పట్టికలో తెలుస్తుంది. మామూలు సోయా సాస్ గోధుమతో చేసేదే. ఇక గ్రిల్: బన్నులు కూడా అదే పెనం మీద కాలుస్తారా, లేక వాటికి విడి టోస్టర్ ఉందా అని అడగండి. విడి టోస్టర్ ఉన్నచోట బన్ను లేకుండా లెట్యూస్ ఆకులో చుట్టిన బర్గర్ కొంత నమ్మదగిన ఎంపిక.

*పిజ్జా.* ఇక్కడ నా అభిప్రాయం గట్టిది: మామూలు పిండి పిసికే వంటగదిలో తయారైన గ్లూటెన్ ఫ్రీ పిజ్జాను సీలియాక్ బిడ్డకు పెట్టకండి. పిండి గాల్లో ఎగురుతుంది, చీజ్ తొట్టిలో అదే చేయి పడుతుంది, కోసే చక్రం ఒకటే. అమెరికాలో రెస్టారెంట్లలో గ్లూటెన్ ఫ్రీ అని ఇచ్చిన వంటకాలను తినేవాళ్లే చేతి పరికరాలతో పరీక్షించిన 5,624 ఫలితాలను 2019లో విశ్లేషించారు. మొత్తంలో 32 శాతం వాటిలో గ్లూటెన్ కనిపించింది, పిజ్జాల్లో సగానికి పైగా. అనుమానం ఉన్నవాటినే జనం ఎక్కువగా పరీక్షించి ఉండొచ్చు, ఆ పరికరం 20 మిల్లీగ్రాముల హద్దుకు తక్కువ ఉన్నా పట్టేస్తుంది. అయినా పిజ్జాలకూ మిగతావాటికీ ఉన్న ఆ తేడా చూశాక ధైర్యం చేయబుద్ధి కాదు. గ్లూటెన్ వస్తువే లోపలికి రానివ్వని పిజ్జా వంటగది దొరికితే అది వేరే మాట.

*కళ్ల ముందు సర్దే గిన్నె భోజనాలు.* అన్నం, బీన్స్, మాంసం, కూరగాయలు వరుసగా పెట్టి గిన్నెలోకి వేసే చోట్లు పిల్లలతో కాస్త సులువు, జరిగేది మనకు కనిపిస్తుంది కనుక. గోధుమ రొట్టెలు పట్టుకున్న గ్లోవ్స్ మార్పించండి. రొట్టె రాలే చోటికి దగ్గరగా ఉన్న తొట్ల నుంచి కాకుండా లోపలి నుంచి కొత్తది తెమ్మని అడగొచ్చు.

*గుడ్లు.* ఆమ్లెట్ మెత్తగా పొంగడానికి పాన్‌కేక్ పిండి కలిపే రెస్టారెంట్లు ఉన్నాయి. మన ముందు పగలగొట్టిన గుడ్డును విడి పెనంలో వేయగలిగితేనే తీసుకోండి.

*సాస్‌లు, పానీయాలు, ఐస్‌క్రీమ్.* మాల్ట్ వెనిగర్, మాల్ట్ మిల్క్‌షేక్‌లు బార్లీవి. చిక్కటి గ్రేవీల్లో మైదా ఉంటుంది. సీల్ ప్యాకెట్ సాస్ మేలు, వెనక పదార్థాలు చదవొచ్చు. మామూలు శీతల పానీయాలు, నీళ్లు, పాలతో సాధారణంగా ఇబ్బంది లేదు. ఐస్‌క్రీమ్ కోన్ వద్దు, కప్పు. కుకీ ముక్కలు కలిపి తిప్పే యంత్రంలో తీసినది కప్పులో ఇచ్చినా వద్దు.

7. తిండి చేతికొచ్చాక, పిల్లలకు ఇచ్చే ముందు

డబ్బా మూత పిల్లలు తీయకముందే మీరు తీయండి. ముక్క ముక్కనూ చూడక్కర్లేదు: గుర్తు ఉందా, బన్ను పొడి ఏమైనా ఉందా, ఫ్రైస్ మధ్యలో నగ్గెట్ తునక కనిపిస్తోందా అన్నది చాలు. ఉంగరాల్లా కోసి వేయించిన ఉల్లిపాయ ఒకటి ఫ్రైస్‌లో దొరికిందంటే ఆ ఫ్రయ్యర్ విడిది కాదని తేలిపోయినట్టే.

పొరపాటున బన్నుతో వచ్చేస్తే తిరిగి చేయమని మర్యాదగా అడగండి. కానీ ఆ తప్పు బర్గర్‌ను వెనక్కి ఇవ్వకండి. కొత్తది వచ్చేదాకా మీ బల్ల మీదే ఉంచుకోండి. వెనక్కి ఇస్తే, హడావుడిలో బన్ను తీసేసి అదే ముక్కను మళ్లీ పంపే ప్రమాదం ఉంది. కొత్తది వచ్చాక రెండూ పక్కపక్కన కనిపిస్తాయి, అనుమానం ఉండదు.

8. బల్ల, చేతులు, ఆట స్థలం

ముందు కూర్చున్నవాళ్లు వదిలిన పొడి బల్ల మీదా కుర్చీ మీదా ఉంటుంది. తుడిచి, తెచ్చిన కాగితం పరచండి. చేతులకు శానిటైజర్ రాస్తే సూక్ష్మజీవులు చస్తాయి, గ్లూటెన్ మాత్రం చర్మం మీదే ఉంటుంది. సబ్బు, నీళ్లే కావాలి. కుదరకపోతే తడి వైప్స్‌తో గట్టిగా తుడవాలి. చర్మానికి తగిలితే సీలియాక్ పిల్లలకు ఏమీ కాదు, ఆ చేయి నోట్లోకి వెళ్తేనే సమస్య. చిన్నపిల్లల చేయి ఎప్పుడూ నోట్లోనే ఉంటుంది కదా. అందుకని ముందు తిండి, తర్వాత ఆటలు. ఆట ముగియగానే మళ్లీ చేతులు కడగాలి.

అన్నో చెల్లెలో మామూలు బర్గర్ తింటుంటే ఎవరి డబ్బా వాళ్లది, కెచప్ గిన్నెలు కూడా విడివిడిగా. ఒకే కెచప్‌లో ఇద్దరూ ముంచుకుంటే పడ్డ శ్రమంతా వృథా.

9. పిల్లల చేతనే అడిగించండి

మూడు నాలుగేళ్ల పిల్లలకు ఒక్క వాక్యం చాలు: "అమ్మ చూశాకే తింటాను." బడికి వెళ్లే వయసు వస్తే కౌంటర్ దగ్గర మొదటి మాట వాళ్లనే చెప్పనివ్వండి, మీరు పక్కన నిలబడండి. "నాకు సీలియాక్ ఉందండీ, గోధుమ తగలకూడదు. మీ ఫ్రైస్‌కు విడి ఫ్రయ్యర్ ఉందా?" అని పదేళ్ల బిడ్డ అడిగితే లోపలివాళ్లు శ్రద్ధగా వింటారు. మీరు పక్కన లేని రోజు, స్నేహితులతో వెళ్లిన రోజు, ఆ నోరే బిడ్డను కాపాడుతుంది. "లేదు" అన్నాక నవ్వుతూ "అయితే నీళ్లు చాలు" అని వచ్చేయడం కూడా ఇంట్లో నాటకంలా ఆడించి నేర్పండి. పెద్దపిల్లలకు జబ్బు కన్నా తోటివాళ్ల ముందు వేరుగా కనిపించడమే ఎక్కువ బాధ. అది తేలిక చేయకుండా నియమాలు మాత్రమే చెబితే దాచి తింటారు.

పుట్టినరోజు పార్టీ ఫాస్ట్ ఫుడ్ చోట ఉందంటే పిలిచినవాళ్లకు ముందే చెప్పి, మిగిలినవాళ్లు తినేదానికి దగ్గరగా ఉండేదే ఇంట్లో చేసి పంపండి. కేక్ ముక్క కూడా.

10. అయినా తగిలితే

కొందరికి ఒకటి రెండు గంటల్లో వాంతులు, కడుపునొప్పి వస్తాయి. కొందరికి మర్నాడు విరేచనాలు, తలనొప్పి, చిరాకు, నీరసం. సీలియాక్‌కు విరుగుడు మందు లేదు. కొద్దికొద్దిగా నీళ్లు, ఓఆర్‌ఎస్ ఇస్తూ విశ్రాంతి ఇవ్వాలి. వాంతులు ఆగకపోయినా, మూత్రం తగ్గినా, బిడ్డ మగతగా ఉన్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. గ్లూటెన్‌ను జీర్ణం చేస్తాయంటూ అమ్మే ఎంజైమ్ మాత్రలను ముందు జాగ్రత్తగా వేసి మామూలు తిండి పెట్టకండి, అవి సీలియాక్‌కు రక్షణ ఇవ్వవు. గోధుమ అలర్జీ బిడ్డకు ఊపిరి ఇబ్బంది, గొంతు బిగుసుకోవడం కనిపిస్తే మాత్రం ఆలోచించే సమయం లేదు: డాక్టరు ఇచ్చిన ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ వెంటనే ఇచ్చి అంబులెన్స్‌ను పిలవండి.

ఆ రోజే ఏ శాఖ, ఏ వేళ, ఏం తిన్నారు, ఎప్పుడు మొదలైందని రాసిపెట్టుకుని ఆ రెస్టారెంట్‌కు చెప్పండి. తిట్టడానికి కాదు, మీ తర్వాత వచ్చే బిడ్డ కోసం.

తగిలినా ఏ లక్షణమూ కనిపించని పిల్లలు కూడా ఉన్నారు. వాళ్లలోనూ పేగు లోపల దెబ్బ తగులుతూనే ఉంటుంది. "అక్కడ చాలాసార్లు తిన్నాడు, ఏం కాలేదు" అన్న ఒక్క ఆధారంతో ఒక చోటును నమ్మడానికి లేదు. డాక్టరు చెప్పిన గడువు ప్రకారం, సాధారణంగా ఏడాదికోసారి, టీటీజీ యాంటీబాడీ రక్తపరీక్ష (సీలియాక్ అదుపులో ఉందో లేదో ఒక అంకెలో చూపేది) చేయించండి. ఒకసారి తగిలినంత మాత్రాన ఆ అంకె పెరగకపోవచ్చు, కాబట్టి అది బాగుందని జాగ్రత్తలు సడలించకండి. తగ్గుతూ వచ్చిన అంకె మళ్లీ పైకి ఎక్కిందంటే మాత్రం, ఇంట్లోనూ బడిలోనూ తినేవాటితో పాటు మీరు తరచూ వెళ్లే ఫాస్ట్ ఫుడ్ చోట్ల ఫ్రయ్యర్ గురించి, గ్రిల్ గురించి మళ్లీ మొదటి నుంచి అడగండి.